చుక్కా, దుమ్మా?

"మీ సార్ సీసలు ఇంకా నా ఫ్రిజ్‌లనే ఉన్నయ్ బిడ్డా. వచ్చి తీసుకపోతవా, మోరీల పారబొయ్యమంటవా?"

పొద్దున్నే ఫోన్ చేసి అక్క అడిగిన మొదటి మాట ఇది. అక్క అంటే మా సార్ భార్య. మా సార్ అంటే నాకు డిగ్రీలో జువాలజీ చెప్పిన మాస్టారు, తర్వాత నా పీహెచ్‌డీకి గైడు. పోయిన చలికాలంలో చనిపోయారు. మనిషి పోయినా ఆయన తొండలు మాత్రం ఆ ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన అలాగే ఉన్నాయి. తొండలంటే నిజం తొండలు కావు లెండి. తొండ తొడ ఎముకలోని మూలుగ నుంచి తీసిన కణాలు, మందులో ఊరుతున్నవి, వేలెడంత సీసాల్లో. ఇప్పుడు దుకాణంవాడు పాత ఫ్రిజ్ తీసుకుని కొత్తది ఇస్తానంటే, లోపల తుడవబోయిన అక్క చేతికి అవి తగిలాయి.

"పారబొయ్యకు అక్కా, వస్తున్న" అన్నాను.

"రా. వాన గూడ మంచిగనే పడ్డది. ఆయన ఉంటే ఈపాటికి స్టూలెక్కేటోడు" అని పెట్టేసింది.

ఆ మాటతో నాకు మళ్లీ ఒళ్లు మండింది. చనిపోయిన మనిషి మీద కోపం పెట్టుకోవద్దంటారు. పెట్టుకోకుండా ఉండే వీలు ఆయన నాకు ఇచ్చి ఉంటే కదా!

ఆయన్ను ఏదీ ఒక్కసారి అడిగి తెలుసుకోలేం. గోదావరిఖని చౌరస్తా దగ్గర చాయ్ దుకాణంలో నలుగురం కూర్చుంటే, "ఎన్ని చాయ్‌లు సార్?" అని దుకాణదారు అడిగేవాడు. ఆయన మమ్మల్ని ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టేవారు. తర్వాత కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టేవారు. రెండూ కలిస్తే అప్పుడు "నాలుగు. ఇప్పటికైతే నాలుగు" అనేవారు. ఈలోపు ఆ దుకాణదారు, మమ్మల్ని ఏళ్లుగా ఎరిగినవాడు, నాలుగు గ్లాసులు తెచ్చి పెట్టేసి పోయేవాడు. చాయ్ మీద మీగడ కట్టేది. ఒకసారి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మర్యాదకి "మీకు పిల్లలెంతమంది సార్?" అని అడిగితే కూడా ఈయన "ఇప్పటికి ఇద్దరు" అన్నారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆ మాట ఎట్లా చేరిందో అక్కకి చేరింది. ఆ ఏడాది కాలేజీ వార్షికోత్సవానికి ఆమె రానే లేదు.

"ఇప్పటికి" అనే ఆ ఒక్క మాటతో నాకు తల ప్రాణం తోకకి వచ్చేది. ప్రపంచంలో దేనికీ ఆయన దగ్గర చివరి లెక్క లేదు. అన్నీ "ఇప్పటికి" లెక్కలే.

పాఠం మాత్రం బాగా చెప్పేవారు. అది ఒప్పుకోవాలి. క్లాసుకి సంచీ పట్టుకొచ్చి బల్ల మీద కుమ్మరించేవారు. పన్నెండు బెండకాయలు, ఇరవై రెండు ఆవగింజలు. "గిదీ తొండ. మన పెరట్ల కంచె మీద తలకాయ ఊపుకుంట కూసుంటది సూడు, గా తొండ. దాని ఒక్కొక్క కణంల పెద్ద క్రోమోజోములు పన్నెండు, చిన్నయి ఇరవై రెండు. మొత్తం ముప్పై నాలుగు. బెండకాయలు లెక్కపెట్టుడు ఎవరికన్న వస్తది. ఆవాలు లెక్కపెట్టేటోళ్లు కావాలె నాకు."

ఉడుముకి ఈ లెక్క నలభై. బల్లుల దగ్గరికొస్తే బెండకాయలూ ఆవాలూ అని విడదీయడానికే ఉండదు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా తగ్గుతూ పోతాయి. ఒక రకం బల్లికీ దాని పక్క రకం బల్లికీ సంఖ్య కలవకపోవచ్చు. ఎందుకంటే కోట్ల ఏళ్ల ప్రయాణంలో ఎక్కడో ఒక పెద్ద క్రోమోజోము మధ్యకి విరిగి రెండవుతుంది, ఇంకెక్కడో రెండు చిన్నవి అతుక్కుని ఒకటవుతాయి. ఎక్కడ విరిగిందో, ఎక్కడ అతికిందో చూసుకుంటూ వెనక్కి పోతే ఏ బల్లి ఏ తొండకి దాయాదో తెలుస్తుంది. "సంఖ్య పెరిగితే సంపద పెరిగినట్టు కాదు" అనేవారు సార్. "అన్నదమ్ములు వేరుపడ్డట్టే. ఆస్తి గదే, పొయ్యిలు రెండయితయ్." వెనక బెంచీలో పిల్లలు కూడా ఆ మాటకి తలెత్తేవాళ్లు. అందరిళ్లలోనూ ఈ మధ్యనే రెండో పొయ్యి వెలిగి ఉండేది.

నేను ఆ ఆవగింజల్లో పడ్డాను. అదే కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా చేరి, ఆయన దగ్గరే పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకున్నాను. బొగ్గు బావుల చుట్టూ ఉన్న తొండల క్రోమోజోములు నా అంశం. తొండల మీద డాక్టర్ చదువేందని మా ఇంట్లో నవ్వనివాళ్లు లేరు. నాకూ లోపల ఒక ఆశ ఉండేది, దాచేదేముంది. ఒక్క కొత్త లెక్క నా పేరు మీద ఉండాలి. పుస్తకంలో ఉన్న ముప్పై నాలుగుని మళ్లీ ముప్పై నాలుగు అని చెప్పడానికి నేనెందుకు?

సార్ పని పద్ధతి ఎట్లా ఉండేదో చెబితేగానీ నా బాధ మీకు అర్థం కాదు. కణం సరిగ్గా విడిపోయే క్షణంలో దాన్ని ఆపాలంటే ఒక మందు కావాలి. అది బయట నుంచి తెప్పించాలంటే కాలేజీ గ్రాంటు సరిపోదు. అదే మందు కీళ్లవాతం మాత్రల్లో ఉంటుంది. కాబట్టి ఈయన మెడికల్ షాపుకి పోయి, బొటనవేలు నొప్పని చెప్పి ఆ మాత్రలు తెచ్చేవారు. "నిజం చెప్తే ఏమైతది సార్?" అంటే, "తొండకని చెప్తే ఇస్తడా?" అనేవారు. దాంతో కాలనీ అంతా సార్‌కి కీళ్లవాతమని ఖాయం చేసుకుంది. కూరగాయలామె కూడా "టమాటలు తినకుండ్రి సార్" అని ఇవ్వకుండా పంపేది. ఈయన ఎవరినీ కాదనరు. ఎవరైనా గట్టిగా అడిగితే నాలుగడుగులు కుంటి కూడా చూపేవారు. ఆ నాలుగడుగుల తర్వాత ఏ కాలు కుంటాలో మరిచిపోయేవారు.

తర్వాత స్టూలు. కణాలున్న మందుని పైనుంచి స్లైడు మీద చుక్కగా వేయాలి. అంతెత్తు నుంచి పడితేనే కణం పగిలి, లోపలి క్రోమోజోములు చెదిరి పరుచుకుంటాయి, లెక్కకి దొరుకుతాయి. కాలేజీ ల్యాబులో ఫ్యాను గాలికి చుక్క దారి తప్పుతుందని, ఈ పని ఆయన ఇంట్లో, వంటింట్లో చేసేవారు. స్టూలెక్కి చేయి చాపి నిలబడేవారు. అక్క కింద స్టూలు పట్టుకునేది. "కూర మాడుతున్నది" అని ఆమె, "కదలకు" అని ఈయన. సగం చుక్కలు స్లైడు మీద, సగం అక్క నెత్తి మీద.

అన్నిటికంటే పెద్ద రోత వాన నియమం. వానలు పడ్డాకే స్లైడు చేయాలి. ఎండాకాలంలో చేయకూడదు. కారణం మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేలని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగితే ఆడవాళ్లు తీగల మీది బట్టలు లోపలికి లాగేస్తారు. వడియాల మీద పాత చీర కప్పుతారు. తెల్ల చొక్కా వేసుకున్నవాడి కాలరు పొద్దు గూకే లోపు బూడిద రంగు. బొగ్గు నలుసు స్లైడు మీద తడి ఆరేలోపు పడిందంటే అది కణంతో పాటే అతుక్కుని ఆరిపోతుంది. మైక్రోస్కోపులో అదీ చుక్కే, ఆవగింజ క్రోమోజోమూ చుక్కే. రంగు తేడా తెలియాలిగానీ అంత చిన్నదాంట్లో ఏ రంగుని నమ్ముతాం? అందుకని ఆయన ప్రతి స్లైడు మీదా వంగి ఒకటే పాట పాడేవారు. "చుక్కా, దుమ్మా?"

నియమం సరైనదే. కానీ వానలకి కూడా ఆయన పరీక్ష పెట్టేవారు. మొదటి వాన పనికిరాదు, గాలిలో దుమ్మంతా దాంతోనే దిగుతుందట. రెండో వాన ఆకులు కడగడానికి. మూడో వాన పడ్డా "గిది మంచి వాన కాదు, గాలి వాన" అనేవారు. నేను కిటికీలోంచి వానని చూస్తూ పళ్లు కొరుక్కునేదాన్ని.

ఇక గని అంచున ఉన్న పాత కాలనీ సంగతి. ఒక పక్క ఓపెన్ కాస్టు గొయ్యి, ఇంకో పక్క గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్టలు. మధ్యలో రేకుల క్వార్టర్లు, కొన్ని సుబాబుల్ చెట్లు. అక్కడి తొండలు బయటికి పోలేవు, బయటివి లోపలికి రాలేవు. గొయ్యి పెంచుతారని, కాలనీ ఖాళీ చేయమని అప్పటికే చెప్పారు. మే నెలలో ఇళ్లకి తలుపులు కూడా ఊడదీసుకుపోతున్నారు. వానల దాకా ఆగితే అక్కడ తొండ కాదు, చెట్టు కూడా ఉండదు. కాబట్టి నేను వెళ్లి చివరి వరసలో గోడ మీద ఉన్న ఒక తొండని పట్టుకొచ్చాను. ఎండాకాలం అని తెలిసీ సార్‌కి చెప్పకుండా కాలేజీలోనే స్లైడు చేశాను.

ముప్పై ఆరు వచ్చాయి.

మళ్లీ లెక్కపెట్టాను. పెద్దవి పన్నెండే. చిన్నవి ఇరవై రెండుకి బదులు ఇరవై నాలుగు. ఎక్కడో ఒక జత విరిగి రెండు జతలై ఉండాలి. నా తొండ, నా కాలనీ తొండ, లోకంలో మిగిలిన తొండలతో వేరుపడి రెండో పొయ్యి పెట్టుకుంది! పరుగున సార్ దగ్గరికి పోయాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మైక్రోస్కోపు మీద వంగారు. ఎంతసేపు వంగారో, నా కాళ్లు తిమ్మిరెక్కాయి.

"చుక్కా, దుమ్మా?" అన్నారు.

"చుక్కలే సార్. మూడు కణాలల్ల సూసిన. మూడింట్లనూ రెండే ఎక్కువ. దుమ్మయితే లెక్కపెట్టుకొని పడుతదా?"

"మంచి ప్రశ్న. తక్కిన కణాలల్ల ఎన్ని వచ్చినయ్?"

"ఒకదాంట్ల ముప్పై ఏడు. ఒకదాంట్ల ముప్పై తొమ్మిది. గవి పాడయిన కణాలు సార్."

"నీకు నచ్చని లెక్కలన్ని పాడయిపోయినయా బిడ్డా?"

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. "పోనీ, గదే సీసలకెళ్లి ఇంకో స్లైడు మీరే చెయ్యండి" అన్నాను. సీసాలో అడుగున కొద్దిగా మిగిలి ఉంది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. ముఖంలో ఒక్కసారిగా ఏదో మెరిసింది. అది నేను చూశాను, అందుకే ఇన్నేళ్లూ మరిచిపోలేదు. ఆయనకీ ముప్పై ఆరు కావాలి. నాకంటే ఎక్కువ కావాలి. అంత కావాలి కాబట్టే నమ్మనంటున్నారు.

"ఒక్కటే సీస ఉన్నది. ఒక్కటే అవకాశం. మంచి వాన పడనీ" అని, దాన్ని ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టారు.

ఆ మంచి వాన పడనే లేదు! ఆ ఏడాది కరెంటు లేదన్నారు. మరుసటి ఏడాది రంగు మందు పాతబడిందన్నారు. ఆ తర్వాత ఏడాది వాన బాగుంది, కరెంటు ఉంది, కొత్త మందు నేనే తెచ్చాను. స్టూలు దాకా పోయి వెనక్కి తిరిగి, "ఇయ్యాల నా చేతులు వణుకుతున్నయ్" అన్నారు. అక్క నా వంక చూసి నెత్తి కొట్టుకుంది. కాలనీ ఉన్న చోట అప్పటికి గొయ్యి లోతుకి దిగిపోయింది. ఇంకో తొండని తెచ్చేందుకు గోడ లేదు, గోడ ఉన్న నేల లేదు. నా రిజిస్ట్రేషను గడువు దగ్గర పడుతోంది. చివరికి ఆ తొండని వదిలేసి, ముప్పై నాలుగు లెక్క వచ్చిన మిగతా తొండలతోనే థీసిస్ ఇచ్చాను. డాక్టరేటు వచ్చింది. అందరూ అభినందించారు. నేను సార్‌తో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆయనేమో ఎదురుపడ్డ ప్రతిసారీ, "ఫికర్ చెయ్యకు, ఈసారి సూద్దాం" అనేవారు.

సంవత్సరం కింద వేసవిలో ఆయనకి దగ్గు మొదలైంది. మా ఊళ్లో దగ్గుని ఎవరూ పట్టించుకోరు, అది ఇంటి మనిషిలాంటిది. అక్క మాత్రం పట్టించుకుంది. ఆమె తీసుకుపోతే ఆయన రారని నన్ను పిలిచింది. ఇద్దరం కలిసి ఆటోలో కూర్చోబెట్టి దవాఖానకి తీసుకుపోయాం. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫిలిం చూసి, కుడి వైపు ఒక మచ్చ ఉంది, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకి పోయి స్కాన్ చేయించుకోండి అని మంచిగా, స్పష్టంగా, రెండుసార్లు చెప్పాడు.

బయటికొచ్చి చాయ్ దుకాణంలో కూర్చున్నాం. దుకాణదారు మూడు గ్లాసులు పెట్టాడు. సార్ కవర్లోంచి ఫిలిం తీసి ఎండకి ఎత్తి పట్టుకున్నారు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన నోటి నుంచి ఏ మాట వస్తుందో నాకు ముందే తెలిసిపోయింది.

"చుక్కా, దుమ్మా?"

"సార్, డాక్టర్ జెప్పిండు గదా!"

"డాక్టర్ సూసింది ఒక్క ఫిలిం. ఒక్క స్లైడ్ సూసి ఎవరన్న లెక్క జెప్తరా? గీ ఎండలకు గా మిషన్ మీద ఎంత దుమ్ముంటదో నీకెర్క లేదా? వానలు పడనీ. మల్లొకపారి తీయిద్దాం."

అంత పెద్ద చదువు చదివిన నేను ఆ చౌరస్తాలో, అందరూ చూస్తుండగా గురువు మీద అరిచాను. "ఇది తొండ కాదు సార్, మీరు! మీ పానం!" అన్నాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఫిలింని కవర్లో పెట్టేశారు. గ్లాసులు ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టారు, కుడి నుంచి ఎడమకు లెక్కపెట్టారు. దుకాణదారుకి మూడు చాయ్‌ల పైసలు ఇచ్చారు.

అప్పటి నుంచి వానల దాకా మేమిద్దరం చేయని పని లేదు. బతిమాలాం, తిట్టాం, అక్క రెండు పూటలు అన్నం మానేసింది. పెద్ద దవాఖానకని కరీంనగర్‌కి కారు మాట్లాడి గుమ్మంలో పెట్టాం. ఆయన కారు డ్రైవరుకి చాయ్ పోయించి పంపేశారు. "మీరిద్దరు ఎందుకిట్ల పరేషాన్ అయితున్నరు? ముందు దుమ్ము దిగనీ." గోడకి చెప్పుకున్నా అది కాస్త వినేది. నిజంగా దుమ్మనే అనుకున్నారా? లేక చుక్క అని మొదటి చూపులోనే తెలిసి, వానలొచ్చేదాకా మామూలు మనిషిగా బతుకుదామనుకున్నారా? ఇది నాకు ఇప్పటికీ తెలియదు. రెండింట్లో ఏది నిజమైనా నా కోపం తగ్గదు.

ఆ ఏడాది వానలు కూడా ఆలస్యమే చేశాయి. పడ్డాక ఆయన మూడు వానలు ఆగి, అప్పుడు తనంతట తానే నడిచి దవాఖానకి వచ్చారు. రెండో ఫిలిం తీశారు. దాన్ని చూడటానికి డాక్టరు అక్కర్లేదు, కళ్లద్దాలూ అక్కర్లేదు. సార్ దాన్ని కిటికీకి పెట్టి ఎడమ నుంచి చూశారు, కుడి నుంచి చూశారు.

"దుమ్ము కాదు బిడ్డా" అన్నారు.

"ఇప్పటికి" అనలేదు. ఏదైనా తేల్చేటప్పుడు ఆయన నోటి నుంచి అది లేకుండా నేను విన్న మాట అదొక్కటే. ఆ మాట కోసం ఇన్నాళ్లూ పోరాడినదాన్ని, విన్నాక ఆయన చేతిలోంచి ఆ ఫిలిం లాగేసుకున్నాను. చలికాలం సగం కాకముందే అయిపోయింది.

ఇప్పుడు అక్క ఫోన్. కాలేజీలోని రంగు మందు సంచీలో వేసుకుని వెళ్లాను. తలుపు తీసిందో లేదో, "సీసలన్ని బల్ల మీద పెట్టిన. గీ మూత లేని సీస ఏందో నాకెర్క లేదు, గది పడేసిన" అంది. పరుగున బల్ల దగ్గరికి పోయాను. చూస్తే అది కాదు. నా సీసా ఉంది. మూత మీద ప్లాస్టర్ చుట్టి ఉంది, మందు ఎగిరిపోకుండా ఆయనే చుట్టి ఉంటారు. అడుగున తెల్లగా కొద్దిగా మిగిలే ఉంది.

"గిదేనా మీరు కొట్లాడిన తొండ?" అని అడిగింది అక్క.

"గిదే."

"మరి ఏందిగ సూస్తున్నవ్? వాన పడ్డది. నాలుగు రోజుల సంది పడుతనే ఉన్నది. ఇంతకంటె మంచి వాన ఏడికెళ్లి వస్తది?"

ఆమె స్టూలు తెచ్చి వంటింటి మధ్యలో వేసింది. నేను చెప్పకముందే చీర ఒకటి తడిపి పిండి కిటికీకి కట్టింది, గడప కింద తడిగుడ్డ దూర్చింది. మైక్రోస్కోపు సార్‌ది, కాలేజీవాళ్లు పనికిరాదని తీసేస్తే ఇంటికి తెచ్చి బాగుచేసుకున్నది. దాని మీద దిండు గలీబు కప్పి ఉంది. నేను స్టూలెక్కాను. అక్క కింద పట్టుకుంది. చేయి చాపితే వణికింది. అప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయంటే సాకులు అనుకున్నాను.

"కదలకు అక్కా."

"నేనెక్కడ కదిలిన? నువ్వే వణుకుతున్నవ్."

చుక్క పడింది. మూడు స్లైడులకి సరిపోయింది, సీసా ఖాళీ అయింది. ఆరేదాకా ఇద్దరం ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. రంగు వేసి కడిగి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక చక్కటి కణం దొరికింది, చుట్టూ శుభ్రంగా, నలుసు లేకుండా. ఇన్నేళ్లలో అంత శుభ్రమైన స్లైడు నేనూ చేయలేదు, ఆయనా చేయలేదు.

పెద్దవి పన్నెండు. చిన్నవాటి దగ్గర నెమ్మదిగా పోయాను. ఎడమ నుంచి కుడికి, తర్వాత కుడి నుంచి ఎడమకు. ఇంకో కణం. ఇంకోటి.

"ఎన్నొచ్చినయ్?" అంది అక్క.

"ముప్పై నాలుగు."

"అంటె?"

"దుమ్మే అక్కా. అప్పుడు నేను సూసింది దుమ్మే. సార్ చెప్పిందే నిజం."

మంచి వార్త చెప్పినట్టు చెప్పాలనుకున్నాను. నేరం ఒప్పుకున్నట్టు చెప్పాను. అక్క కొంగుతో స్టూలు తుడుస్తోంది, తడి లేదు దాని మీద, ఊరికే తుడుస్తోంది. తర్వాత చేయి ఆపి, ఎవరో ఎదురుగా నిలబడ్డట్టు అరిచింది.

"గీడన్న తప్పు గావద్దా గా మనిషి! గప్పుడే గీ సీస సూసి, గీ తొండ కాడ ఒక్కపారి తప్పయిండు అనుకో, నువ్వు ముఖం మీద అడిగేదానివి. మీ లెక్క తప్పింది సార్ అని అంటుంటివి. గప్పుడు గా ఫిలిం సూసి దుమ్మనేటందుకు జరంత భయపడుతుండె. గీడ తప్పలేదనుకునే గాడ గంత ధీమ! ఎన్నడు తప్పనోనికి ఎవరు జెప్తరు, ఎట్ల జెప్తరు?"

ఆ మూడు వానల కోసం ఆయన ఆగినప్పుడు నేనూ అరిచానే గానీ, మీ లెక్క ఇదివరకు కూడా ఒకసారి తప్పింది కదా అని చెప్పడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. ఆ సీసా మాత్రం ఫ్రిజ్‌లో పెరుగు పక్కనే ఉంది.

అక్క నా భుజం మీద చేయి వేసి, మైక్రోస్కోపు వైపు నెట్టింది.

"మల్ల లెక్కపెట్టు బిడ్డా. ఇంకో రెండు స్లైడులు ఉన్నయ్ గదా. సక్కగ సూడు."

ఎప్పుడూ ఆయన ఓడిపోవాలని అనుకున్నదాన్నే. ఇంత గట్టిగా మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. కళ్లు తుడుచుకుని వంగాను. ఈసారి కుడి వైపు నుంచి మొదలుపెట్టాను. బయట మంచి వాన పడుతోంది. రెండు స్లైడులూ చూశాను, కనిపించిన ప్రతి కణమూ చూశాను.

ముప్పై నాలుగే.